చీటీలో మాట ఎవరిది?

అమెరికాలో పిల్లలున్న ఇళ్ళవాళ్ళకు ఇది తెలిసే ఉంటుంది. అక్కడ చైనా హోటల్లో భోజనం చేస్తే చివర బిల్లుతో పాటు మనిషికొక బిస్కెట్టు తెచ్చిపెడతారు. పల్చటి చిన్న అట్టును సగానికి మడిచి, మళ్ళీ నడుం దగ్గర వంచినట్టు ఉంటుంది. లోపల బోలు. విరిస్తే ఒక కాగితపు చీటీ, దాని మీద ఒక్క వాక్యం. మంచి రోజులు వస్తున్నాయనో, తలపెట్టిన పని నెరవేరుతుందనో. ఫార్చ్యూన్ కుకీ అంటారు దాన్ని. మనం అదృష్టపు బిస్కెట్టు అనుకోవచ్చు. బ్యాంకువాడు చీటీ అంటున్నాడు గదా అని చిట్‌ఫండు గుర్తుకు తెచ్చుకోకండి. ఇందులో పాట లేదు, నెలనెలా కట్టేది లేదు, అందరికీ మొదటిరోజే చీటీ తగులుతుంది.

ఈ మధ్య మా ఇంట్లో ఈ బిస్కెట్లు చేశారు. పిండి కలపటం, కాల్చటం పెద్ద కష్టం కాలేదు. లోపలి చీటీ మీద ఏం రాయాలన్నది కష్టమైంది. ఎదుటి మనిషికి రాబోయే కాలం గురించి మంచిమాట చెప్పే హక్కు ఎవరికుంది, ఆ మాటకు పూచీ ఎవరిది అన్న ప్రశ్న దగ్గర నేను రెండు రోజులు ఆగిపోయాను. ఇంకా పూర్తిగా కదలలేదు. అందుకే ఈ వ్యాసం.

ముందు బిస్కెట్టు పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెప్పాలి. పేరుకు చైనావాళ్ళదే గానీ చైనాలో దీని వాడకం లేదు. పుట్టిల్లు జపాను. క్యోటో నగరంలో ఫుషిమి ఇనారి గుడి దగ్గరి దుకాణాల్లో ఇదే ఆకారంలో, ఇంతకంటె పెద్దదిగా, ముదురు రంగులో, నువ్వులూ సోయా ముద్దా వేసి చేసే బిస్కెట్టు ఉంది. చీటీ బోలులో కాకుండా బయటి మడతలో ఇరికిస్తారు. యాసుకో నకామాచి అనే పరిశోధకురాలు 1878 నాటి జపాను పుస్తకంలో ఈ బిస్కెట్లు కాలుస్తున్న మనిషి బొమ్మను వెతికి పట్టుకున్నారు. జపాను వలసవాళ్ళతో ఇది అమెరికా చేరింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో జపాను టీ తోటను నడిపిన మకోటో హగివారా అక్కడికి వచ్చేవాళ్ళకు వీటిని పెట్టేవాడు. లాస్ ఏంజెలిస్‌లో నూడిల్స్ కంపెనీ నడిపిన డేవిడ్ జంగ్ కనిపెట్టాడని మరో పక్షంవాళ్ళ వాదన. 1983లో శాన్‌ఫ్రాన్సిస్కోవాళ్ళు ఉత్తుత్తి కోర్టు ఒకటి పెట్టి, విచారణ జరిపి, తమ ఊరికే తీర్పు ఇచ్చుకున్నారు.

1942లో యుద్ధం పేరు చెప్పి అమెరికా ప్రభుత్వం సుమారు లక్షా ఇరవై వేలమంది జపాను సంతతివాళ్ళను ఇళ్ళలోంచి లేపి శిబిరాల్లో పెట్టింది. హగివారా కుటుంబం తోట విడిచి వెళ్ళవలసి వచ్చింది. తోట పేరులోంచి జపాను అన్న మాట తీసేశారు. 1952లో గానీ పాత పేరు తిరిగి రాలేదు. జపానువాళ్ళ బేకరీలు మూతబడ్డాక బిస్కెట్టు చైనావాళ్ళ చేతుల్లోకి వచ్చింది, వాళ్ళదిగానే నిలిచిపోయింది. ఊరందరికీ అదృష్టాలు కాల్చి పంచినవాళ్ళకు తమ గుమ్మంలోకి రాబోతున్నది ఏ చీటీలోనూ కనపడలేదన్నమాట.

ఇప్పుడు ఇది పెద్ద పరిశ్రమ. న్యూయార్కులోని వాంటన్ ఫుడ్ కంపెనీ ఒక్కటే రోజుకు 40 లక్షలకు పైగా చేస్తుందని పత్రికల్లో వచ్చింది. ఆ కంపెనీ చీటీల్లోని మాటలు సుమారు ముప్ఫై ఏళ్ళపాటు రాసినవాడు డొనాల్డ్ లావ్ అనే ఆయన. కవీ కాదు, జ్యోతిష్కుడూ కాదు. ఒకప్పుడు బ్యాంకులో పనిచేసి, తరవాత ఈ కంపెనీ లెక్కలు చూడటానికి చేరినవాడు. ఉన్నవాళ్ళలో ఆయనకే ఇంగ్లీషు బాగా వచ్చు గనుక ఆ పని ఆయన నెత్తిన పడింది. 2017లో, ఇక మాటలు తోచటం లేదని తప్పుకున్నాడు. ఈ సంగతి చదివినప్పుడు ఆయన మీద నాకు తోడబుట్టినవాడి మీద కలిగేటంత అభిమానం కలిగింది.

అంత పెద్ద ఎత్తున రాసే మాటలో అబద్ధం ఉండదని నా అభిప్రాయం. నిజమూ ఉండదు. రాసినవాడికి తినేవాడెవడో తెలియదు. తినేవాడికి రాసినవాడెవడో తెలియదు. పైగా చెడు అన్నది ఆ పెట్టెలో వెయ్యరు. జపాను గుళ్ళల్లో తీసే చీటీల్లో అశుభం కూడా ఉంటుంది. అశుభం వచ్చినవాళ్ళు దాన్ని గుడి ఆవరణలోనే కట్టేసి వెళతారు. అమెరికా బిస్కెట్టులో ఆ బాధ లేదు. అప్పు కోసం వచ్చిన ప్రతి దరఖాస్తు మీదా ‘యోగ్యుడు’ అని రాసే అధికారి ఉన్నాడనుకోండి, ఆయన ఎవరి గురించీ ఏమీ చెప్పనట్టే లెక్క.

ఆ చీటీలు నిజమైన సందర్భం ఒకటుంది. 2005 మార్చి 30న అమెరికాలో పవర్‌బాల్ అనే లాటరీ తీశారు. మామూలుగా రెండో బహుమతి నలుగురైదుగురికి వస్తుంది. ఆ రోజు 110 మందికి వచ్చింది. నిర్వాహకులు మోసం జరిగిందని హడలిపోయి ఆరా తీశారు. మోసమేమీ లేదు. చీటీ అడుగున అచ్చువేసే అదృష్టపు అంకెలను ఊళ్ళూ రాష్ట్రాలూ వేరైన ఇంతమంది తమ తమ బిస్కెట్లలో చూసి కట్టారు. అన్నీ ఒకే కంపెనీ బిస్కెట్లు. కొందరికి లక్ష డాలర్లు, కొందరికి అయిదు లక్షలు వచ్చాయి. మాట నిజమైంది, సందేహం లేదు. అయితే అక్కడ మాట నిలబెట్టుకున్నవాళ్ళెవరైనా ఉన్నారా? అంకెలు వేసిన కంపెనీకి ఆ సంగతే తెలియదు. డబ్బు ఇచ్చింది లాటరీవాళ్ళు. జరిగిపోవటం వేరు, ఒకరు మాట ఇచ్చి నిలబడటం వేరు. ఫ్యాక్టరీ చీటీలో మొదటిది ఎప్పుడో ఒకప్పుడు ఉండవచ్చు, రెండోది ఎన్నటికీ ఉండదు.

ఇంట్లో చేసుకునేసరికి ఈ లెక్క తారుమారవుతుంది. ఇంట్లో తినేవాళ్ళెవరో మనకు తెలుసు.

మాది బరంపురం. మా తాతగారి కాలంనుంచీ ఇక్కడే ఉంటున్నాం. మా అమ్మాయి రెండేళ్ళు అమెరికాలో చదువుకుని వచ్చింది. జనవరి ఒకటిన అందరం మా ఇంట్లో కలుసుకునే అలవాటు. ఈసారి ఆ బిస్కెట్లు చేసి పెడతానంది. రెండు గుడ్ల తెల్లసొన, అరకప్పు పంచదార, అరకప్పు మైదా, మూడు చెంచాల కరిగిన వెన్న, చిటికెడు ఉప్పు, నాలుగు చుక్కల వెనీలా. అంతే సరుకు. గరిటజారుగా కలిపి, ట్రేలో పరిచిన వెన్నకాగితం మీద చెంచాడు వేసి, చెంచా వెనకవైపుతో మూడంగుళాల వెడల్పున పల్చగా రుద్దింది. 180 డిగ్రీల వేడిలో ఏడెనిమిది నిమిషాలు ఉంచాలి. అంచు ఎర్రబడాలి, మధ్య తెల్లగానే ఉండాలి.

బయటికి తీశాక గడువు పది పదిహేను సెకన్లు. ఆ లోపల తిరగేసి, చీటీ పెట్టి, సగానికి మడిచి, గ్లాసు అంచు మీద వంచి, చిన్న గిన్నెలో కూర్చోబెట్టాలి. గిన్నెలో పెట్టకపోతే విచ్చుకుంటుంది. వేరుసెనగ పాకం పళ్ళెంలో పోసి ముక్కలు కోసినవాళ్ళకు నేను వివరించనక్కరలేదు. వేడిమీద పంచదార మనం చెప్పినట్టు వింటుంది, చల్లారాక దానిష్టం. అందుకని వాయికి రెండో మూడో మించి వెయ్యకూడదు. చేతులకు నూలు తొడుగులు వేసుకున్నా వేళ్ళు కాలుతూనే ఉంటాయి. మొదటి నాలుగూ విరిగిపోయాయి. విరిగినవాటిని మా ఆవిడ చెడిపోలేదు గదా అని తినేసింది. మా అమ్మ గుడ్డు ముట్టదు. ఆవిడ వంతు చీటీని మడతకాజా పొరల్లో దూర్చాం.

పది సెకన్ల గడువు ఉన్న పనిలో వాక్యం ఆలోచించటానికి సమయం ఉండదు. చీటీలు ముందే రాసిపెట్టుకోవాలి. ఇక్కడే నేను దొరికిపోయాను. మా అమ్మాయికి తెలుగు మాట్లాడటం బాగా వచ్చు, చదవటం కూడబలుక్కుంటూ వచ్చు, రాయటం రాదు. బరంపురంలో ఇది వింత కాదని ఈ పత్రిక చదివేవాళ్ళకు చెప్పనక్కరలేదు. మా అమ్మకూ అక్కకూ తెలుగు తప్ప మరొకటి చదవటం రాదు. కనక చీటీలు తెలుగులో ఉండాలి, రాసేవాణ్ణి నేనే. రెండున్నర అంగుళాల పొడవు, అరంగుళం వెడల్పు. మన వత్తులతో ఆ వెడల్పులో ఒక్క వరుసే పడుతుంది, మహా అయితే అయిదు మాటలు. సిరా వద్దు, తిండి వస్తువు, పెన్సిలుతో రాయమంది. పన్నెండు చీటీలు.

పన్నెండుమంది ఎవరో వరసగా తలచుకున్నాను. అమ్మకు ఎనభై దాటాయి. మేనల్లుడు రెండుసార్లు పరీక్షలు రాసి మూడోసారికి కూర్చున్నాడు. తమ్ముడు వ్యాపారంలో ఇరుకులో ఉన్నాడు. అక్కకు గొంతు పక్కన గడ్డ కనిపిస్తే ముక్క తీసి పరీక్షకు పంపారు, ఫలితం ఇంకా రాలేదు. బావ, మరదలు, తమ్ముడి పిల్లలిద్దరు, మేం ముగ్గురం, పక్కింటి ఒడియా మాస్టారు. ఆయనకు తెలుగు చదవటం రాదు, ఎవరో ఒకరు చదివి చెప్పాలి. చిలక తీసిన కార్డు పక్కన కూర్చున్నవాడు చదివినట్టే.

“ఈ ఏడు ఉద్యోగం ఖాయం” అని రాయబోయి ఆగాను. అది మేనల్లుడికి వస్తే వాడు నవ్వుతాడు, ఆ నవ్వు నేను చూడలేను. “నిండు నూరేళ్ళు” అని రాస్తే అది అక్క చేతిలో పడితే? “దూరప్రయాణం ఉంది” అన్నది అమెరికా చీటీల్లో మామూలు మాట. ఎనభై దాటిన మనిషి ఆ మాటను ఎట్లా అర్థం చేసుకుంటుందో వేరే చెప్పాలా! “ధనలాభం” తమ్ముడికి వెళితే వెక్కిరింత. ఫ్యాక్టరీలో కోటిమందికి పనికివచ్చే వాక్యం నా ఇంట్లో పన్నెండుమందికి పనికిరాలేదు. కారణం ఒక్కటే. నాకు వాళ్ళు తెలుసు, వాళ్ళకు నా చేతిరాత తెలుసు. అచ్చు అక్షరానికి మొహం లేదు. నా పెన్సిలు గీతకు ఉంది.

అమ్మాయి ఒప్పుకోలేదు. “ఆట కదా నాన్నా. కలిపేస్తాను, ఎవరికి ఏది వస్తుందో నీకే తెలియదు. ఇంతకీ మనవాళ్ళు చిరంజీవ, దీర్ఘాయుష్మాన్ భవ అంటూనే ఉంటారుగా. వాళ్ళందరూ పూచీ పడి అంటున్నారా?”

మంచి వాదమే. దాన్ని తోసెయ్యటానికి వీల్లేదు. తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, నోటివెంట చెడు రానివ్వకు అని మన పెద్దలు చెప్పటంలో మనిషికి మంచిమాట ఎంత అవసరమో తెలిసిన వివేకం ఉంది. అయితే దీవెనా జోస్యమూ ఒకటి కావు. మన వ్యాకరణంలోనే రెంటికీ రూపాలు వేరు. ‘అగుగాక’ అన్నవాడు తన కోరికను బయటపెడుతున్నాడు. ‘అగును’ అన్నవాడు లోకం గురించి సమాచారం ఇస్తున్నాడు. దీవించేవాడు ఎదురుగా ఉంటాడు, తల మీద చెయ్యి వేస్తాడు, తన కోరిక తీరకపోతే తానూ ఏడుస్తాడు. జోస్యం చీటీకి ఆ చెయ్యి లేదు. అదృష్టపు బిస్కెట్టు చేసే గారడీ ఏమిటంటే, దీవెన తియ్యదనాన్నీ జోస్యం ధీమానీ కలిపి, రెంటికీ ఉండవలసిన మనిషిని తప్పించటం.

కామర్సు చదివినవాణ్ణి గనుక నా బుద్ధి ప్రామిసరీ నోటు మీదికి పోయింది. నోటు చెల్లాలంటే రాసినవాడి సంతకం ఉండాలి. ఎవరు తెచ్చి చూపితే వారికి ఇస్తానని రాసిన పత్రాన్ని బేరర్ పత్రం అంటాం. మన జేబులోని పది రూపాయల నోటు అటువంటిదే. ధారకునికి ఇంత చెల్లిస్తానని రిజర్వు బ్యాంకు గవర్నరు మాట ఇచ్చి సంతకం పెడతాడు. (ఒక్క రూపాయి నోటు మీద ఆ మాట ఉండదు, అది ఆర్థికశాఖ కార్యదర్శి సంతకంతో వస్తుంది. ఇంకో సంగతి, నోటు వెనక పదిహేను భాషల వరసలో తమిళానికీ ఉర్దూకీ నడుమ తెలుగు ఉంది. మా ఊరి బళ్ళలో ఎంత తగ్గినా అక్కడ తగ్గలేదు.) 1934 నాటి రిజర్వు బ్యాంకు చట్టం 31వ సెక్షను ప్రకారం, తెచ్చినవారికి డబ్బు చెల్లిస్తానని ప్రామిసరీ నోటు రాసే అధికారం మామూలు మనుషులకు లేదు. చట్టం చేసినవాళ్ళ ఉద్దేశం నాణేల చెలామణీ గురించి కావచ్చు. నాకు మాత్రం అందులో ఇంకొకటి తోచింది. ఎదుటివాడెవడో తెలియకుండా అందరికీ మాట ఇవ్వాలంటే వెనక ఖజానా ఉండాలి.

నా వెనక ఖజానా లేదు. ఆరోగ్యం ఇవ్వలేను, ఉద్యోగం ఇవ్వలేను. అట్లాగని చీటీలో చెడు రాయలేను గదా! పంచాంగం రాసేవాళ్ళు ఈ చిక్కును తెలివిగా దాటారు. ఉగాదినాడు ప్రతి రాశికీ ఆదాయం ఇంత, వ్యయం ఇంత అని రెండు పక్కలా అంకె వేస్తారు. రాజపూజ్యం పక్కనే అవమానం వేస్తారు. ఆదాయం 2, వ్యయం 14 అని విన్న మనిషి కూడా పులిహోర తిని నవ్వుతూ ఇంటికి వెళతాడు. రెండు పద్దులూ ఉన్నాయి గనుక దాన్ని నమ్మటం తేలిక. పైగా అది ఆ రాశివాళ్ళందరికీ కలిపి చెప్పిన మాట, ఒక్కడి మీదా వేలు పెట్టి చూపదు. నా చీటీలకు ఆ సదుపాయం లేదు. రెండున్నర అంగుళాల్లో రెండు పద్దులు పట్టవు.

చివరికి నేను ఆరు చీటీలు ఇట్లా రాశాను. “ఇది తెచ్చినవారితో ఒకరోజు ఎక్కడికైనా వస్తాను.” “ఇది తెచ్చినవారి కాగితాలన్నీ సర్దిపెడతాను.” “ఇది తెచ్చినవారికి నెలరోజులు తెలుగు నేర్పుతాను.” ఈ ధోరణిలోవే మరి మూడు. డబ్బు మాట ఎక్కడా లేదు గనుక రిజర్వు బ్యాంకుకు అభ్యంతరం ఉండదు. అయిదు మాటలకు మించిన చోట అక్షరాలు ఇరికించాను.

అమ్మాయి చదువుకుని పెదవి విరిచింది. “ఇవి జాతకాలు కావు నాన్నా, కూపన్లు. ఇందులో నువ్వు చెయ్యగలిగిందే ఉంది. మనుషులకు అంతకంటె పెద్దది కావాలి. నీ చేతిలో లేనిదాని గురించే కదా వాళ్ళు బిస్కెట్టు విరిచేది!”

ఆ మాట నన్ను ఇబ్బంది పెట్టింది. ఆశ అన్నది మన శక్తికి సరిపోయే కొలతలోనే ఉండాలంటే అది ఆశ అవుతుందా, బడ్జెట్టు అవుతుందా? పూచీ పడగలిగిన మాటే మాట అని నేను పట్టుబడితే తల్లి బిడ్డకు చెప్పే మాటల్లో సగం చెల్లకుండా పోతాయి. పోనీ మంచిమాటకు పూచీ అక్కరలేదంటే నేను కంపెనీ చీటీ దగ్గరికే తిరిగి వస్తాను. ఈ రెంటి మధ్యా గీత ఎక్కడ గియ్యాలో నాకు తేలలేదు. మిగిలిన ఆరూ అమ్మాయి చెప్పింది, నేను రాశాను. “మంచి కబురు వస్తుంది”, “మొదలుపెట్టింది పూర్తవుతుంది” ఇటువంటివి. రాయసగాడికి పూచీ ఉందా అన్నది ఇంకో ప్రశ్న. పూర్వం ఊళ్ళల్లో చదువురానివాళ్ళకు ఉత్తరాలు రాసిపెట్టినవాళ్ళు దాన్ని ఎట్లా తేల్చుకున్నారో.

పన్నెండూ కలిపేసింది. అమ్మ కాజాలోకి ఏది వెళ్ళిందో కూడా నేను చూడలేదు. భోజనాలయ్యాక అందరూ విరిచారు. కాగితాలు సర్దే చీటీ తమ్ముడికి తగిలింది. మర్నాడే సంచీడు బిల్లులు తెచ్చి నా ముందు కుమ్మరించాడు, ఇంకా తెమలలేదు. తెలుగు నేర్పే చీటీ మాస్టారికి వచ్చింది. ఆయన ఎంతో సంతోషించి, వారంలో మూడు సాయంకాలాలు పలకతో సహా వస్తున్నారు. మా అమ్మాయిని కూడా పక్కన కూర్చోబెడుతున్నాను.

అక్కకు “మంచి కబురు వస్తుంది” వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. తల ఎత్తి, “ఏరా, ఇది నువ్వు రాశావా, నీచేత రాయించారా?” అని అడిగింది.

“రాత నాదే అక్కా, మాట అమ్మాయిది,” అన్నాను.

“రాత నీదేగా. అయితే ఆ రిపోర్టు తేవటానికి నువ్వే వెళ్ళు. మీ బావ వల్ల కాదు,” అంది. చీటీని మడిచి పర్సులో పెట్టుకుంది. బిస్కెట్టు మాత్రం తీపి ఎక్కువైందని సగమే తింది.

రిపోర్టు గురువారం ఇస్తామన్నారు. ఆ రోజుకు సెలవు పెట్టాను.